రిలీవర్ రాని షిఫ్ట్

మంచిర్యాలల ఆ దవాఖాన స్కాన్ రూము ముంగట పొద్దుగాల్నే బెంచీలు నిండుతయి. చెప్పులు బయట ఇడిసి, ఒకలెన్క ఒకలు లోపలికి పోయి, మొకానికి ఆ పెద్ద అద్దాలు పెట్టుకుని, ఎవల పెయ్యిల వాళ్లు తిరిగొస్తరు. స్కాన్ బొమ్మను ఒక్కో కంటికి ఒక్కో తీరుగ చూపిస్తయట. రెండూ కలిసినయంటే గుండెకాయ సుత చేతికందేటట్టు కండ్ల ముంగట నిలవడ్తది. లోపల మనుషులు కనవడుడు మామూలే. మొన్న భైంసా పత్తి సేటు కిడ్నీల ఆయన అత్త కూసున్నది. "ఆమె లేచినంక రాండ్రి" అని డాక్టర్ రేవతి ఇంకో తారీఖు ఇచ్చి పంపింది.

రాజలింగు బొగ్గు బాయిల చేసి రిటైరయినోడు. ఎడమ ఊపిరితిత్తిల గడ్డ లేచింది. దానికి అడ్డంగ ఆయన దోస్తు హనుమండ్లు పంపు ముంగటేసుకుని కూసున్నడు. ఎన్నడో బాయిల నీళ్లు తెగవడ్డనాడు పోయిన మనిషి, పీనుగ సుత దొరకలే. ఇప్పుడేమో రాజలింగు ఊపిరితిత్తిల ఊరే నీళ్లు తోడుతుండు. ఆ పంపు సప్పుడు రూమంత ఇనవడ్తది.

"ఆయన లేస్తేనే కత్తి పెట్టగల్గుత," అన్నది రేవతి. "ఆలిస్యమయితే గడ్డ గుండె దిక్కు పాకుతది. అప్పుడు నా చేతుల ఏం లేదు."

"లెవ్వడు మేడం. పంపు కాడోడు తర్వాత షిఫ్ట్ రిలీవర్ రానిది జాగ ఇడువడు. ఆనాడు నన్ను ఇంటికి పొమ్మని తాను ఆగిండు. ఇప్పుడు నేను ఏ మొకంతోని పొమ్మంట?" అన్నడు రాజలింగు.

ఆయన భార్య దుర్గవ్వకు మండింది. "మంచిగున్నది నీ దోస్తానా! నువ్వు పోతే నా గతేంది? లస్మవ్వ బతుకు సూస్తలేవా?" అని, ఆటో కట్టుకుని పోయి హనుమండ్ల పెండ్లాం లస్మవ్వను తోలుకొచ్చింది.

లస్మవ్వ అద్దాలు పెట్టుకుని రాజలింగు స్కాన్ దిక్కు తల అటిటు తిప్పి సూసింది.

"నాకు ఒక్క కన్నే పనిచేస్తది బిడ్డా," అన్నది ఆఖరికి. "గోడ మీది ఫోటో లెక్క సాపుగ ఉన్నడు. మనిషి కనవడ్తలేడు." ఆ మాట అనుకుంటనే ఏడ్సింది.

రేవతి ఇంకో జత అద్దాలు పెట్టుకుని పక్కన కూసున్నది. "నాకు కనవడుతుండు అవ్వా. నువ్వు మాట్లాడు, నేను సూసి చెప్త."

"నరేశ్ బాపూ," అని కొడుకు పేరు పెట్టి పిలిచింది లస్మవ్వ. "రిలీవర్ రాడు. బాయి మూసి ఎన్నో ఏండ్లాయె. పంపులన్నీ పీకేసిండ్రు. నీకు చెప్పెటోళ్లే లేకపాయె. నీ షిఫ్ట్ అయిపోయింది, ఇగ రా."

పంపు సప్పుడు ఆగింది. రాజలింగుకు దమ్ము ఎగవోసి, దుర్గవ్వ చెయ్యి గట్టిగ పట్టుకున్నడు.

"లేచిండా?" అడిగింది లస్మవ్వ.

"లేచిండు."

"నేను ముసల్దాన్నయిన. గుర్తువట్టిండా?"

రేవతి ముందుకు వంగి సూసింది. "టోపీ తీసి తల సదురుకుంటుండు అవ్వా."

ఇంక టైం లేదని రాజలింగును అటునుంచి అటే ఆపరేషన్‌కు తీసుకపోయిండ్రు. గడ్డ మొత్తం వచ్చింది, మనిషి దక్కిండు. మెలకువ వచ్చినంక ఎడమ పక్క చెయ్యి పెట్టుకుని, "లోపల ఎవ్వలు లేరు" అని ఏడ్సిండు. దుర్గవ్వ ఏడ్వనిచ్చింది.

లస్మవ్వ అప్పటిదాక ఆగలే. వార్డు కాడ ఉండుమంటే, "ఆయన నా ఎన్కనే వస్తుండు, తలుపు తియ్యాలె" అని ఎప్పుడో ఇంటికి పోయింది.