తొమ్మిదో ఆకాశం

మా ఆయన చెడ్డవాడు కాదు, అదే నా బాధ. చెడ్డవాడైతే అరిచేదాన్ని. ముందుగదిలో షాపు పెట్టుకుని బోర్డులు రాస్తాడు. ఆరో తరగతిలో బడి మానేసి బ్రష్షు పట్టినవాడు, అక్షరం వంకర పోదు. ఖాళీ కనిపిస్తే మాత్రం చెయ్యి ఊరుకోదు.

నాది నీటిరంగు. వెనకగదిలో, ఇస్త్రీ బల్ల మీద. ఆకాశం వెయ్యాలంటే కాగితమంతా తడిపి, కాస్త ఏటవాలుగా పెట్టి, తడి ఆరేలోపు రంగుని పైనుంచి కిందికి దించుకురావాలి. పావుగంట పని. మధ్యలో లేచామా, ఆగినచోట రంగు గీత కట్టేస్తుంది, ఇక చెరగదు. ఆ పావుగంట నాకు ఈ ఇంట్లో ఎప్పుడు దొరికింది గనక? ఒక ఆకాశంలో "నా కళ్ళజోడేదే?" ఉంది. ఇంకోదాంట్లో గ్యాస్ బండ వచ్చింది. మరోదాంట్లో మా అత్తగారు, "తడి కాగితం ముందు తపస్సు చేస్తోంది మహాతల్లి, కూర మాడినా ముక్కు పనిచెయ్యదు" అన్నారు. అలా ఏడు ఆకాశాలు, అన్నిట్లో గీతలే.

ఎనిమిదోది కుదిరింది. మొన్న ఆదివారం ఆయన వాళ్ళమ్మని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళినప్పుడు. కొండలు, పొగమంచు, మధ్యలో ఏరు. ఏరుకి రంగు వెయ్యలేదు. నీటిరంగుల్లో తెలుపంటే కాగితమే. చుట్టూ వేసుకుంటూ వచ్చి దాన్ని ముట్టుకోకుండా వదిలెయ్యాలి. జానెడు పొడవు, రెండు వేళ్ళ వెడల్పు. వెయ్యడం కన్నా వదలడానికే ఎక్కువ కష్టపడ్డాను. ఈ సాయంత్రం ఐదింటిలోపు లైబ్రరీ హాల్లో ఇస్తే, రేపటి ప్రదర్శనలో నా బొమ్మ గోడకెక్కుతుంది. నలభై రెండేళ్ళకి మొదటిసారి.

మధ్యాహ్నం స్నానం చేసి వచ్చేసరికి గదంతా పెయింటు వాసన. ఏరు నిండా బోర్డులకేసే తెల్ల పెయింటు, మెరుస్తూ, అంచులు కత్తితో కోసినట్టు. కింద మూల, అలవాటుగా, షాపు పేరు.

"నది ఖాళీగా వదిలేశావేంటే? నేను చూశాను కాబట్టి సరిపోయింది," అన్నాడు మురిసిపోతూ.

"ఇప్పుడు నీళ్ళలా ఉన్నాయి," అన్నారు అత్తగారు. "ఇందాక నాకసలు కనపళ్ళేదు."

"మీ పేరు రాశారేంటండీ?"

"నా పేరెక్కడ? షాపు పేరేగా. మనదేగా!"

ఆయన 'మన' అన్నప్పుడల్లా నాదేదో ఒకటి పోతుంది.

వంటింట్లోకి వెళ్ళాను, గదిలోకి వచ్చాను, మళ్ళీ వంటింట్లోకి. గడియారంలో రెండు. ఆకాశానికి పావుగంట, ఆరడానికి అరగంట, కొండలు నా చేతికి తెలుసు. కొత్త కాగితం తీసి తడిపాను. తలుపేసి లోపల్నించి గడియ పెట్టాను. స్నానానికి తప్ప ఈ ఇంట్లో నేనెప్పుడూ గడియ పెట్టుకోలేదు.

రంగు సగం దిగింది. తలుపు మీద చప్పుడు.

"ఏమేవ్, షాపుకి మనుషులొచ్చారు, టీ పెట్టు. అమ్మక్కూడా."

మోకాళ్ళు అప్పుడే లేవబోతున్నాయి, నన్నడక్కుండానే. రంగు అంచు దగ్గర తడి బొట్టు ఊగుతోంది.

"గడియెందుకే? ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉందండీ. ఈ కాగితం ఆరేదాకా నేను ఇంట్లో లేననుకోండి."