ఎత్తకూడని ఫోను

ఒక్క మోత.

పొద్దు గూకే వేళ, తడిపిన తునికాకు వాసన ఇల్లంతా పరుచుకుని ఉన్నప్పుడు, బీడీల చాట పక్కన పెట్టిన ఫోను ఒక్కసారి మోగి ఆగిపోతుంది.

దాన్ని ఎత్తకూడదు.

అది సామేలు పెట్టిన కట్టుబాటు. బహ్రెయిన్‌లో పని దిగి క్యాంపుకి చేరగానే ఇంటికి ఒక మిస్డ్ కాల్ — బాగున్నాను, తిన్నాను, మీరూ తినండి. ఎత్తితే అతని ఫోనులో ఉన్న కాస్త బ్యాలెన్సూ కరిగిపోతుంది. మాటలు శుక్రవారానికి. మిగతా రోజులకు మోత చాలు. కోరుట్లలో మగవాణ్ణి గల్ఫ్‌కి పంపిన ఏ ఇంట్లో అడిగినా ఇదే పద్ధతి.

బాలమణికి ఆ మోతే మొగుడు.

ఇప్పుడు ఆ మొగుడి మీద ఒళ్లు మండిపోతోంది.

అక్కడ, బహ్రెయిన్‌లో, జనం రోడ్డెక్కారు. మమ్మల్ని ఏలేవాళ్లను మేమే ఎన్నుకుంటామని చౌరస్తాలో డేరాలు వేసుకుని కూర్చున్నారు. కాల్పులు జరిగాయని టీవీ చెప్పింది. చెప్పి, వెంటనే సబ్బు గురించి చెప్పింది. బాలమణి టీవీని తిట్టింది. ఆ జనాన్ని తిట్టింది — మీ దేశం, మీ ఇష్టం, కొట్టుకు చావండి, మధ్యలో మా మనిషి ఏం పాపం చేశాడు? చివరికి సామేలునే తిట్టింది. పోవడానికి ఇంకో దేశమే దొరకలేదా వీడికి!

అత్త సత్యవ్వ మాత్రం కోడలినే తిట్టింది.

"నువ్వే తోలిచ్చినవ్ నా కొడుకును. రేకుల ఇల్లు వద్దంటివి, స్లాబు గావాలంటివి. కూసో ఇగ, స్లాబు కింద."

"నేను తోలిస్తే పోయిండా? నీ కొడుకేమన్న సంటిపిలగాడా అత్తా?"

ఒకే గది. ఇద్దరూ బీడీలు చుడతారు. కత్తెర ఆకును కోస్తుంది… కచ్… కచ్…

మోత వినగానే రెండు కత్తెరలూ ఆగుతాయి. మళ్లీ మొదలవుతాయి. ఆ పూట సత్యవ్వ ఒక బుక్క ఎక్కువ తింటుంది, కోడలు చూడకుండా.

మొన్న మోగలేదు.

నిన్న మోగలేదు.

ఇద్దరూ ఒకరి మీద ఒకరు కోపంతో కడుపు నింపుకున్నారు.

ఇక్కడ మాత్రం తక్కువా? ఇక్కడా రోడ్లన్నీ జనమే. తెలంగాణ రావాలని సిరిసిల్లలో మగ్గాలు ఆపారు, జగిత్యాలలో బస్సులు ఆపారు. కోరుట్లలో ఇవాళ వంటావార్పు — నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే తిని, దారి మూసేయడం. బీడీలు చేసే ఆడవాళ్లంతా వెళ్లారు. సత్యవ్వ ఉల్లిగడ్డలు కోయడానికి కూర్చుంది. బాలమణి పొద్దుటి నుంచి అరుస్తూనే ఉంది. ఇంట్లో పట్టని కోపమంతా రోడ్డు మీద పోసింది. మా రాజ్యం మాకు కావాలి!

అక్కడివాళ్లు అడిగేదీ ఇదే కదా అని పక్కనున్న గీత అంది.

"మనది హక్కు కోసం కొట్లాట. వాళ్లది లొల్లి," అంది బాలమణి. అంటూనే తనకే సిగ్గేసింది. సిగ్గేసినందుకు గీత మీదా కోపం వచ్చింది.

పొద్దు గూకింది. జనం లేవలేదు.

బాలమణి రొండిన దోపుకున్న ఫోను మోగింది.

ఎత్తకూడదు —

ఎత్తింది.

"ఓ అయ్యా! ఏడున్నవ్?"

అవతల అరుపులు. తెలియని భాష. వందల గొంతులు ఒక్కటిగా లేచి, ఒక్కటిగా విరుగుతున్నాయి. ఇవతలా అరుపులే. జై తెలంగాణ… జై తెలంగాణ…

"ఎందుకెత్తినవే! గా లొల్లేంది? ఎవలన్న సచ్చిండ్రా? అవ్వ మంచిగున్నదా?"

"గక్కడ లొల్లేంది? క్యాంపుల లేవా నువ్వు? బయటెందుకున్నవ్?"

"నేను గీడ…"

తెగిపోయింది.

అతని బ్యాలెన్స్ అయిపోయింది. ఆమె ఫోను అంత దూరం కలపదు. బాలమణి గల్ఫ్‌కి కలిపే ఎస్టీడీ బూత్‌కి పరుగెత్తింది.

షట్టరు దించి ఉంది. తాళం.

పొద్దున బంద్ అంటూ ఆ షట్టరు దించమని బూత్ నడిపేవాడి మీద అందరికంటే గట్టిగా అరిచింది తనే.

రేపు మోగకపోతే? ఎల్లుండి మోగకపోతే? ఇన్నాళ్లూ మోగితే మనిషి ఉన్నట్టు. ఇక మీదట మోగకపోతే బ్యాలెన్స్ లేదో, మనిషే లేడో… ఆ తేడా తెలిపేది ఏదీ మిగలలేదు. తన చేత్తోనే తుడిచేసింది.

సత్యవ్వ వెనకే వచ్చింది. చేతుల నిండా ఉల్లిగడ్డ వాసన.

"ఎత్తినవా?"

"ఎత్తిన."

"ఏమన్నడు?"

"అవ్వ మంచిగున్నదా అన్నడు."

సత్యవ్వ చెయ్యి లేచింది. కొడుతుందని బాలమణి కళ్లు మూసుకుంది. కొడితే బాగుండుననీ అనుకుంది.

కొట్టలేదు.

"నువ్వొక్కదానివే వాని గొంతు ఇంటివి," అంది సత్యవ్వ. "నాకియ్యకపోతివి."

ఆ చెయ్యి షట్టరు మీద పడింది. పక్కనే బాలమణి చెయ్యి. రోడ్డు మీద జనం అరుస్తూనే ఉన్నారు. తాళం వేసిన రేకు మోగింది… మళ్లీ మోగింది… మళ్లీ…

లోపల ఎవరూ లేరు.