ఆ పుస్తకం దేని గురించి

మాదాపూర్‌లో కొత్తగా లేచిన అద్దాల భవనంలో ఆమని, రామబ్రహ్మం ఎదురెదురుగా కూర్చుని పుస్తకాలకు విషయం నిర్ణయించేవారు. ఏదో విదేశీ విశ్వవిద్యాలయం తన తెలుగు పుస్తకాల సూచిని కంప్యూటర్‌కెక్కించే పని వాళ్ల కంపెనీకి అప్పగించింది. తెర మీద పుటలు వస్తాయి. కొన్ని చదివి, పుస్తకం దేని గురించో గడిలో నింపాలి. ఆ గడి ఒక్క విషయాన్నే తీసుకుంటుంది.

పైఅధికారి గిరీష్ అంతకుముందు టైపింగ్ విభాగం చూసినవాడు. అక్కడ ఒకే పుటను ఇద్దరు కొడతారు. తేడా వస్తే ఎవరో ఒకరిది తప్పు. ఆ పద్ధతే ఇక్కడా పెట్టాడు. ఆమని గ్రంథాలయ శాస్త్రంలో బంగారు పతకం తెచ్చుకున్న మనిషి కాబట్టి ఆమె మాటే కొలబద్ద. దానితో కలవని ప్రతిసారీ రామబ్రహ్మానికి ఒక తప్పు పడేది. శుక్రవారం సాయంత్రానికి ఇద్దరిలో ఒకరిని తీసెయ్యాలని పైనుంచి మాట వచ్చింది. ఎవరిననేది ముగ్గురికీ తెలుసు. ఏలూరులో గ్రంథపాలకుడిగా రిటైరైన రామబ్రహ్మం, ఇంట్లో ఖాళీగా కూర్చుంటే మతి చెదురుతుందేమోనన్న భయంతో ఈ పనిలో చేరాడు.

ఆ శుక్రవారం గిరీష్ వచ్చి ఆమని పక్కన నిలబడ్డాడు.

"మేడం, ఒక తమాషా అయింది. రామబ్రహ్మం సార్ తప్పులు ఖాయం చేసుకుందామని, కొన్ని పుస్తకాలు పేరు తీసేసి మీకే మళ్లా పంపినా. ఇది చూడండి."

ఫిబ్రవరిలో: వంటలు. జూన్‌లో, అదే పుస్తకానికి: రోగి సేవ. రెండూ ఆమని పెట్టినవే.

"ఈ పుస్తకం నేను చదవలేదు," అంది ఆమని.

"రెండుసార్లు చదివినారు మేడం."

తెర మీద ఒక పల్లెటూరి స్త్రీ, మంచాన పడ్డ భర్తకు గంజి కాచి పోసిన రోజుల గురించి రాసుకుంది. ఒక్క వాక్యమూ గుర్తు రాలేదు. ఏప్రిల్‌లో అమ్మకు పక్షవాతం వచ్చింది. అప్పటినుంచి పొద్దున్నే అమ్మ నోట్లో చెంచాతో గంజి పోసి ఆఫీసుకు వస్తోంది. అది మాత్రం గుర్తుంది. పొరబడినందుకు కాదు ఆమె అదిరిపడింది. రెండుసార్లూ తనకు రవ్వంత అనుమానం కూడా రాలేదు. పండులో టెంకలా విషయం పుస్తకంలోనే ఉంటుందనీ, తను దాన్ని బయటికి తీస్తుందనీ ఇన్నాళ్లూ నమ్మింది.

"మాస్టారు ఏం పెట్టారు?"

"రోగి సేవ. ఫిబ్రవరిలోనే. అందుకే గదా తప్పేసినాం."

రామబ్రహ్మం సంతోషించలేదు. ఆయన ముఖం పాలిపోయింది.

"అదేంటమ్మాయ్! నువ్వే తప్పయితే, ఇక నన్ను దిద్దేదెవరు?"

"ఆగండప్పా ఇద్దరూ," అని గిరీష్ కుర్చీ లాక్కున్నాడు. "నేనే చదువుతా. దీనికి పతకాలెందుకు?"

నవ్వుతూ మొదలుపెట్టాడు. కాసేపటికి నవ్వు పోయింది. ఒక పుట దగ్గర ఆగి, వెనక్కి వెళ్లి, మళ్లీ చదివాడు.

"ఇందులో వంటేడుంది, సేవేడుంది? అంతా నీళ్ల గురించే గదా! ఆయమ్మ పొద్దునలేస్తే బిందెత్తుకుని ఏట్లోకి పోతాంది, ఇసకలో చెలమ తోడుకుంటాంది. గంజి కాచేది రెండే లైన్లు. మీకు కండ్లు లేవా ఇద్దరికీ?"

ఆమని వంగి చూసింది. చెలమ ఉంది. బిందె ఉంది. ఏడు పుటల నిండా నీళ్లున్నాయి. ఆమె జ్ఞాపకంలో మాత్రం ఒక్క చుక్క లేదు.

"మీదే ఊరండీ గిరీష్ గారూ?" రామబ్రహ్మం నెమ్మదిగా అడిగాడు.

"అనంతపురం దగ్గర..." గిరీష్ మాట సగంలో ఆగిపోయింది. ఎవరో వెనకనుంచి భుజం మీద చెయ్యి వేసినట్టు ఉలిక్కిపడ్డాడు.

ముగ్గురూ తెర వైపు చూశారు. అక్షరాలు అవే, కదలకుండా ఉన్నాయి.

ఫోన్ మోగింది. తీసెయ్యాల్సినవాళ్ల పేరు కోసం పైనుంచి.

"లేదు సార్, పంపలేను," అన్నాడు గిరీష్. "ఆయన్ను తీసెయ్యడానికి నా కాడ కొలత లేదు. కాదు సార్, మిషన్ బాగానే ఉంది." అవతలివాళ్లు అరుస్తున్నది అందరికీ వినిపించింది. "నన్నడిగితే నేనూ తప్పే పెడతా సార్. ఎవరి పేరూ పంపను."

గిరీష్ ఫోన్ పెట్టేశాడు. ఆమని తెర మీదికి తర్వాతి పుస్తకం వచ్చింది. మొదటి పుట చదివింది. మాట వెంటనే తోచింది, ఎప్పటిలాగే, ఏ అనుమానమూ లేకుండా. భయం వేసి మీటల మీదినుంచి చెయ్యి తీసేసింది.

"మాస్టారూ," అంది, "దీన్ని ముందు మీరు చదవండి. నాకేం తోచిందో చెప్పను."