పది సైకిళ్ళు తక్కువ

నేను ఒక రికార్డు ప్లేయర్‌ని. తిరగడమే నా బతుకు. అయినా నన్నెవరూ తిరుగుబోతు అనలేదు, ఇల్లు కదలకుండా తిరుగుతాను కదా! పుట్టింది అమెరికాలో. అక్కడి కరెంటు నూట పది వోల్టులు, సెకనుకు అరవై సైకిల్స్. ఉగ్గుపాలతో తాగిన కరెంటు కనుక, లోకంలో అన్ని గోడల్లోనూ అదే పారుతుందనుకున్నాను.

ఒక సరుకు ఓడ వంటవాడు నన్ను కొన్నాడు. ఉప్పుగాలికి నా మూత పెచ్చులూడాక, విశాఖపట్నం రేవులో దింపి పాతసామాన్ల కొట్టుకు అమ్మేశాడు. అక్కడ నన్ను ఎంచుకున్నవాడు పైడిరాజు. విజయనగరం దగ్గర ఒక నాటక సమాజంలో ఏళ్ళ తరబడి భటుడి వేషం అతనిది. రాజు ఏమన్నా ‘చిత్తం’ అనాలి. చిత్తం, చిత్తం అని అని చిత్తయిపోయాడు పాపం.

ఆ ఏడు రాజు వేషగాడు మానేశాడు. సమాజాన్ని నడిపే కాంట్రాక్టరు గంటయ్యగారు పద్యాల పోటీ పెట్టారు. గెలిస్తే కిరీటం, ఓడితే మళ్ళీ బల్లెం. పైడిరాజుకు గురువు లేడు. పాతతరం నటుడొకాయన పద్యాల రికార్డు మాత్రం ఉంది. దాన్ని వినడానికే నన్ను తెచ్చాడు.

అతని బావమరిది కనకం వైర్‌మాన్. ఇక్కడి కరెంటు రెండు వందల ముప్పై వోల్టులు కనుక, నాకూ గోడకూ మధ్య ఒక ట్రాన్స్‌ఫార్మర్ డబ్బా పెట్టాడు. “బావా, సగానికి తగ్గించీసినాను. ఇంక కాలదు” అన్నాడు.

కాల్లేదు. కానీ ముల్లు రికార్డు మీద వాలగానే ఏదో తేడా. తిరుగుతున్నాను, తిరిగినట్టు లేదు. ముసలితనమా? ఓడ కుదుపా? ఊరు మారిన బెంగా? తల తిరిగేవాడికి డాక్టరున్నాడు, తల సరిగా తిరగనివాడికెవరున్నారు? పైగా నాలోంచి వస్తున్న గొంతు ఎవరిదో నాకే బోధపడలేదు. బావిలోంచి సింహం మాట్లాడినట్టు బరువుగా, నింపాదిగా ఉంది. రాగం ఎత్తుకుంటే దించడమే లేదు.

పైడిరాజు కళ్ళు చెమర్చాయి. “ఊపిరంటే అదీ! మడిసా, కొలిమితిత్తా?” అన్నాడు.

ఆ రోజు నుంచి ఆ ఊపిరి కోసం తపస్సు. నీళ్ళ గోలెంలో తల ముంచి బిగబట్టేవాడు. మొహం వంకాయ రంగుకు తిరిగేది. భార్య ఎర్రయ్యమ్మ జుట్టు పట్టి పైకి లాగి, “ఏటయ్యా, రాజువౌతావా, పీనుగువౌతావా?” అనేది.

పోటీ సంతపాకలో, మిట్టమధ్యాహ్నం. గురువు ఎదురుగా ఉండాలని నన్నూ మోసుకెళ్ళాడు. హార్మోనియం మాస్టారు శ్రుతి అడిగాడు.

“నాలుగున్నర” అన్నాడు పైడిరాజు.

జనం గొల్లుమన్నారు. నాటక పద్యమంటే ఆరు శ్రుతిలో పైకప్పు లేచిపోవాలి. ఎంత పైన పాడితే అంత మొనగాడు. “నాలుగున్నరేటి? జోలపాటేటి?” అని ఎవడో అరిచాడు.

పైడిరాజు ఎత్తుకున్నాడు. పద్యం చివర రాగం తీశాడు. నవ్వు ఆగింది. రాగం ఆగలేదు. బీడీ ముట్టించబోయిన ఒకాయనకు అగ్గిపుల్ల వేలిదాకా కాలి చురుక్కుమనేదాకా స్పృహ లేదు. “వన్స్‌మోర్!” అని పాకంతా లేచింది.

“ఎవలి దగ్గర నేర్సినావురా?” అన్నారు గంటయ్యగారు.

పైడిరాజు రికార్డు అందించాడు. ఆయన ఇక్కడే కొన్న తన సొంత ప్లేయర్‌ని ఇంటినుంచి తెప్పించి, దాని మీద పెట్టారు. సన్నని గొంతు ఆరు శ్రుతిలో చురుగ్గా ఎత్తుకుని గబగబా పద్యం ముగించేసింది.

“బాబూ, ఈయన మా గురువుగారు కాదండి!” అన్నాడు పైడిరాజు తెల్లబోయి. “ఎవలో, బండి ఎల్లిపోతన్నట్టు పరిగెడతన్నాడు.”

“రికార్డు నీదే గదరా! ఆయన పద్యాన్ని పాడుచేసి, ఆయన పేరు సెప్తావేటి?” గంటయ్యగారి చెయ్యి కిరీటం మీదనుంచి వెనక్కి పోయింది.

“మా పెట్టి మీద ఎట్టి ఇనండి!” అని ఎర్రయ్యమ్మ నన్ను బల్లమీదికి ఎత్తింది. కనకం ట్రాన్స్‌ఫార్మర్ డబ్బా పెట్టి తీగ తగిలించాడు. అదే రికార్డు, మళ్ళీ బావిలో సింహం. జనం నన్ను చూశారు, నేను జనాన్ని చూశాను. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు.

కనకం నన్ను తిరగేసి, అడుగున అచ్చువేసింది చదివాడు. “అదీ సంగతి! దీనికి సెకనుకి అరవై సైకిళ్ళు కావాల. మన కరెంటులో యాభయ్యే. అందికే నెమ్మదిగా తిరుగుతంది, గొంతు దిగి రాగం సాగుతంది. వోల్టులు తగ్గించగలను గానీ సైకిళ్ళెక్కడినుంచి తెచ్చీది?”

“ఓస్, పదే గదేటి తమ్ముడూ! సంతలో అద్దెకి దొరకవేటి?” అంది ఎర్రయ్యమ్మ.

గంటయ్యగారు గడ్డం గోక్కున్నారు. “అంటే... ఇంత రాగం ఆయన కూడా ఎప్పుడూ తియ్యనేదన్నమాట” అన్నారు. కిరీటం తీసి పైడిరాజు నెత్తిన పెట్టారు.

ఇప్పుడు నేను వేషాల గదిలో అద్దం పక్కన ఉంటాను. మోటారు ఇరుసుకు ఇత్తడి తొడుగు వేసి లావు చేస్తే నా వేగం పెరిగి నడక బాగుపడుతుందని కనకం ఒకటి చేయించి తెచ్చాడు. “మా గురువుగారి జోలికొస్తే సేతులిరిసేస్తాను” అన్నాడు పైడిరాజు.

తెర లేచే ముందు కిరీటం పెట్టుకుని నాకు దండం పెడతాడు. రికార్డు గంటయ్యగారి ప్లేయర్‌తోపాటు వాళ్ళింటికెళ్ళి అక్కడే ఉండిపోయింది. అందులోని ఆయన అలా పాడనే లేదు. నాకా, గొంతే లేదు. మరి ఆ దండం ఎవరికి? ఎంత తిరిగినా తేలలేదు. పెట్టిన దండం కాదనడం మర్యాద కాదు గనక పుచ్చుకుంటున్నాను.