తీగకు గుచ్చిన ఉత్తరాలు

పదిహేను రోజులకొక ఆదివారం, కాఫీ తాగిన గ్లాసు పక్కకు జరిపి, చెంచురామయ్య ఇన్‌లాండ్ కవరు ముందేసుకుని కూర్చునేవాడు. గుమ్మంలో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ భారతమ్మ చెప్పేది, ఆయన రాసేవాడు. ఎర్రుపాలెంలో ఉన్న అక్క పద్మావతమ్మకు ఉత్తరం అది. అక్కాచెల్లెళ్లిద్దరికీ అక్షరం ముక్క రాదు. చిన్నప్పుడు ఒకే కంచంలో తిని, ఒకే దుప్పట్లో పడుకున్నవాళ్లు పెళ్లిళ్లయ్యాక జిల్లాకు ఈ కొసన ఒకరు, ఆ కొసన ఒకరు అయ్యారు. దుమ్ముగూడెం నుంచి ఎర్రుపాలెం పోవాలంటే మూడు బస్సులు మారాలి. మిరపతోట, పాడి వదిలి కదిలేదెప్పుడు? అందుకని ఉత్తరమే దిక్కు.

చెప్పడానికి భారతమ్మకు సంగతులు కొదవా? ఎనభై ఆరు వరదలో గడ్డికప్పు మీద కొట్టుకొచ్చిన నల్ల కుక్కపిల్ల సంగతే ఒక పూట చెప్పేది. దానికి మిరియం అని పేరు పెట్టింది. తోట పనికి వచ్చే కోయ ఆడవాళ్ల దగ్గర గాలం వేయడం నేర్చుకుని, మధ్యాహ్నాలు గోదారి రేవులో కూర్చుంటోంది. బెండు మునిగితే ఆమె కంటే ముందు మిరియమే చూసి ఒక్క అరుపు అరుస్తుంది. డేరా టాకీసులో సినిమా చూస్తుంటే మూడుసార్లు రీలు తెగింది. హీరోయిన్ చచ్చిపోయే సీను దగ్గరకొచ్చేసరికి వాన దంచికొట్టి జనమంతా లేచిపోయారు. ఆ పిల్ల చచ్చిందో బతికిందో ఇప్పటికీ తెలియదు. ఇవన్నీ చెబుతూ తనే నవ్వేది, తనే కళ్లు తుడుచుకునేది. ఆమె నోరు ఎంత జోరుగా నడిస్తే చెంచురామయ్య కలం అంత జోరుగా నడిచేది. కనీసం ఆమె అలా అనుకునేది.

వరదొచ్చిన రెండేళ్లకు పద్మావతమ్మ మనవరాలి బారసాల వచ్చింది. మిరపకు తెగులు పట్టి చెంచురామయ్యకు కదలడం కుదరలేదు. భారతమ్మ ఒక్కతే పోయింది. గుమ్మంలో అక్కను చూడగానే ఆమె ఉన్నచోటే ఆగిపోయింది. పద్మావతమ్మ కుడికాలు ఈడ్చి నడుస్తోంది. పైగా పిలుపులో పస లేదు. వచ్చావా అంది, కాళ్లు కడుక్కో అంది, అంతే. పొరుగింటి చుట్టాన్ని పలకరించినట్టు పలకరించింది.

బారసాల భోజనాలయ్యాక ఇద్దరూ పెరట్లో మిగిలారు. ఉండబట్టలేక భారతమ్మే అందుకుంది. మిరియానికి ఈ మధ్య గజ్జి పట్టిందనీ, వేపాకు నూరి రాస్తున్నాననీ చెప్పింది.

"మిరియం ఎవరే?" అంది పద్మావతమ్మ.

"మా కుక్క. వరదల దొరికింది గద."

"మీకు కుక్కున్నదా?"

రెండేళ్లుగా ఆ కుక్క గురించి చెప్పని ఆదివారం లేదు. భారతమ్మ గాలం సంగతి అడిగింది, అక్కకు తెలియదు. డేరా టాకీసు అడిగింది, తెలియదు. చివరికి వరదలో బడి కప్పు మీద రెండు రోజులు తిండి లేకుండా కూర్చున్న సంగతి అడిగింది. అది కూడా తెలియదు.

"బడి కప్పు మీదనా?" పద్మావతమ్మ మొహం తెల్లబోయింది. "అదే వానాకాలం నేను బావి దగ్గర జారి కాలు ఇరగ్గొట్టుకున్న. రెండు నెలలు మంచంల ఉన్న. నువ్వొచ్చి చూడలేదని ఇయ్యాల్టిదాకా నీ మీద కోపంగుంది నాకు."

"నాకెవరు చెప్పిన్రు?"

"మీ బావతోని రాయించిన. నాలుగుసార్లు రాయించిన."

బావ వెంకటరామారావు అరుగు మీద తాంబూలం నములుతున్నాడు. ఉత్తరాలు ఒకసారి చదవమని భారతమ్మ అడిగితే ఎంతో సంబరపడ్డాడు. దూలానికి వేలాడే ఇనుప తీగను దించాడు. వంకీ తిరిగిన ఆ తీగకు పదకొండేళ్ల ఉత్తరాలు వరసగా గుచ్చి ఉన్నాయి. తోడల్లుడి దస్తూరీ ముత్యాల్లా ఉంటుందని మెచ్చుకుంటూ ఒకటి లాగి చదివాడు. ఇక్కడ అందరం క్షేమం, అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను, మిరప బాగుంది, వానలు మామూలు. ఇంకొకటి లాగాడు. ఇక్కడ అందరం క్షేమం, గేదె ఈనింది. వరద నాటి ఉత్తరం చదవమంది. గోదావరి తగ్గుముఖం పట్టింది, ఇక్కడ అందరం క్షేమం.

పది ఉత్తరాలు విన్నాక ఇక చాలంది భారతమ్మ. ఎన్ని ఆదివారాలు తను ఆ గుమ్మంలో గొంతు నొప్పెట్టేదాకా మాట్లాడిందో ఆమెకే తెలుసు. ఆ మాటలన్నీ చిక్కుడు ఈనెలతోపాటే చెత్తలో పడ్డాయి. తన కాలు సంగతి ఎందుకు రాయలేదని పద్మావతమ్మ మొగుణ్ణి నిలదీస్తే, ఆయన తాంబూలం దవడకు నెట్టి, దూరాన ఉన్నవాళ్లను కంగారు పెట్టడమెందుకని ఊరుకున్నానన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహంలో మంచితనం తప్ప ఇంకేం లేదు. అదే భారతమ్మకు మరీ ఒళ్లు మండించింది.

ఇల్లు చేరాక చెంచురామయ్యను ఒక్కటే అడిగింది, తను చెప్పినవి ఎందుకు రాయలేదని. ఆయన దాచలేదు, దబాయించలేదు.

"కుక్క సంగతులు ఎవరన్న ఉత్తరంల రాస్తరటే? ఆడమనిషి గోదాట్ల గాలమేస్తుందని రాస్తే బావ ఏమనుకుంటడు? అయినా కవర్ల జాగా ఎంతుంటది?"

భారతమ్మ పోట్లాడలేదు. ఏడవలేదు. ఇక మీదట మీరు రాయనక్కర్లేదు, నేనే రాసుకుంటానంది. చెంచురామయ్య నవ్వాడు. నలభై ఎనిమిదేళ్ల పెళ్లానికి ఎన్నాళ్ల కోపం ఇదని లెక్కేసుకున్నాడు. వారమని తేల్చుకుని నిశ్చింతగా తోటకు పోయాడు.

ఆ వారంలోనే ఆమె వయోజన విద్య బడికి పోయింది. పదో తరగతి చదివిన కోయపిల్ల జంపక్క ఊరి బడి వరండాలో మధ్యాహ్నం రెండింటికి ఆడవాళ్లకు చదువు చెబుతోంది. వచ్చేవాళ్లంతా భారతమ్మ తోటలో కాయ కోసేవాళ్లే. మొదటి రోజు భారతమ్మ ఇంటి నుంచి పీట తెచ్చుకుంది. జంపక్క ఆ పీటను చూసి, అందరూ చాప మీద కూర్చుంటేనే పలక మీద రాసేది తనకు కనబడుతుందని మెల్లగా చెప్పింది. భారతమ్మ పీటను గోడకు చేరేసి, చాప మీద సర్దుకు కూర్చుంది. మర్నాటి నుంచి పీట తేలేదు.

సంగతి చెంచురామయ్య చెవిన పడడానికి రెండు రోజులు కూడా పట్టలేదు. మన తోట కూలీల మధ్య కూర్చుని దిద్దుకుంటే మనకేం మర్యాదని అన్నం దగ్గర అలిగాడు.

"గాలం గూడ వాళ్ల దగ్గర్నే నేర్చుకున్న," అంది భారతమ్మ పులుసు వడ్డిస్తూ. "ఆ జెల్లలు తినేటప్పుడు మీకు మర్యాద యాదికి రాలేదు."

ఆయన చేప ముక్క వైపు చూశాడు. తర్వాత దాన్ని ముద్దలో కలుపుకున్నాడు.

చదువు ఏమంత తేలిగ్గా ఎక్కలేదు. మిరపకాయ కోసిన వేళ్లు మండేవి, బలపం పట్టు దొరికేది కాదు. 'అ' రాస్తే జంపక్కకు కూడా నవ్వొచ్చేది. తోటి ఆడవాళ్లు ముందుకు పోతున్నా, ఆమెకు గుణింతాల దగ్గరే నెలన్నర పట్టింది. ఇంట్లో పొయ్యి ముందు బూడిదలో పుల్లతో రాసేది, రేవులో తడి ఇసుక మీద రాసేది. మిరియం వచ్చి సరిగ్గా ఆ అక్షరాల మీదే పడుకునేది. తిట్టి లేపి మళ్లీ రాసేది. ఒకనాడు బెండు మునిగి, కుక్క అరిచి, చేప ఎర తిని పోయినా తలెత్తలేదు. 'క్ష' రాస్తోంది. వారం రోజులుగా లొంగని అక్షరం అది. ఇన్నేళ్లూ తన నోరు నొక్కింది ఆ క్షేమమే కదా, దాన్ని రాయకుండా వదిలేది లేదని మొండికేసింది.

ఐదో నెలలో తన చేత్తో తను మొదటి ఉత్తరం రాసింది. జంపక్క దిద్దుతానంటే వద్దంది. "అక్కా నేను భారతిని. ఇది నా చేతి రాత. నీ కాలు ఎట్ల ఉంది. మిరియం మంచిగ ఉంది. నేను గాలం ఏస్తున్న. జెల్ల పడ్డది. నాకు నువ్వు యాదికొస్తున్నవు." కవరంతా నిండిపోయింది. ఒక్కో అక్షరం చిక్కుడు గింజంత ఉంది మరి. పోస్టు డబ్బాలో తనే వేసి, లోపల పడ్డ చప్పుడు విని గానీ కదల్లేదు.

మూడు వారాలకు జవాబు వచ్చింది. దస్తూరీ బావది. విప్పి, కూడబలుక్కుని, తనే చదువుకుంది. ఇక్కడ అందరం క్షేమం. మీ ఉత్తరం అందినది. తోడల్లుడు గారి అక్షరములు చూసి చాలా విచారించితిమి. చేతికి ఏమైనది? పక్షవాతం ప్రారంభములోనే చూపించుకొనవలెను. ఆముదం వెచ్చచేసి మర్దన చేయించగలరు.

చెంచురామయ్య ఆ ఉత్తరం చూసి పడీపడీ నవ్వాడు. తన చెయ్యి తిప్పి తిప్పి చూసుకుంటూ ఊరంతా చెప్పుకున్నాడు. భారతమ్మ నవ్వలేదు. బావ వంకర గీతలు చూశాడే గానీ మాటలు చదవలేదు. చదివినా అక్కకు వినిపించలేదు. ఆమెకు దుఃఖం పొంగుకొచ్చింది. ఐదు నెలల కష్టం మళ్లీ ఆ తీగ మీదికే పోయింది. ఇక్కడి తలుపు తీసినా అక్కడి తలుపు మూసే ఉంది. అది తీస్తే గానీ మాట అక్క దగ్గరికి చేరదు.

కళ్లు తుడుచుకుని, ట్రంకుపెట్టెలో రెండు చీరలు, జంపక్క ఇచ్చిన వాచకం, ఒక పలక సర్దింది. పదిహేను రోజులు రానంది.

"తోటెట్ల?" అన్నాడు చెంచురామయ్య.

"మీ ఉత్తరాలన్నిట్ల తోట మంచిగనే ఉన్నది గద."

"మరి వంట?"

మిరియానికి రోజూ పెరుగన్నం పెట్టమని చెప్పి బస్సెక్కింది.

చెల్లెలు చదువు చెప్పడానికి వచ్చిందని తెలిసి పద్మావతమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. యాభై రెండేళ్లు, మనవరాలు పుట్టింది, ఇప్పుడేం చదువంది. పలక ముట్టుకోనే ముట్టుకోలేదు. భారతమ్మ రెండు రోజులు చూసింది. మూడో రోజు పొద్దున అక్క వాకిట్లో ముగ్గు వేస్తుంటే పక్కన చేరి, చిటికెడు పిండితో 'ప' రాసింది.

"ఇదెయ్యి."

పద్మావతమ్మ చేతికి వంద చుక్కల మెలికల ముగ్గు కూడా లెక్కలోది కాదు. ఒక్క విసురులో వేసేసింది. చెల్లెలి 'ప' కంటే అందంగా వచ్చింది. ఇదేనా అంది. ఇదేనంది భారతమ్మ. ఆ రోజు నుంచి ఆ వాకిట్లో ముగ్గులు లేవు, అక్షరాలే. వెంకటరామారావు పొద్దున్నే పొలానికి పోతూ పంచె ఎత్తిపట్టుకుని వాటిని దాటుకుంటూ పోయేవాడు. ఆముదం సంగతి మాత్రం మరదలి ముందు మళ్లీ ఎత్తలేదు. పదిహేను రోజులు పోయాయి. గుణింతాలు సగానికి వచ్చాయి. వాచకం, పలక అక్కకే వదిలి బయల్దేరింది. బస్సు దగ్గర ఇద్దరూ ఏడ్చారు, ఎప్పటిలాగే.

నెల గడిచింది. ఉత్తరం లేదు. ఇంకో నెల గడిచింది. భారతమ్మ పదిహేను రోజులకొకటి రాస్తూనే ఉంది. అక్క ఒత్తుల దగ్గర ఆగిపోయిందా, మానేసిందా, కాలు మళ్లీ నొప్పా? ఎవర్నీ అడగలేదు. అక్షరాలు మాత్రం చిక్కుడు గింజ నుంచి కందిపప్పంతకు తగ్గాయి.

మూడో నెలలో ఒక మధ్యాహ్నం పోస్టుమ్యాన్ రేవు దాకా వచ్చి కవరిచ్చి పోయాడు. మీద చిరునామా మాత్రమే బావ దస్తూరీ. లోపల ముగ్గులా చుట్టుకుపోయిన మెలికల అక్షరాలు. భారతమ్మ గాలం పక్కన పెట్టి, వేలు కదుపుతూ చదివింది.

"చెల్లీ నేను పద్మను. మిరియం బాగుందా. దాన్ని నేను చూడలే. ఈసారి వచ్చి చూస్త. నువ్వు గాలం మానకు. శుక్రవారం మధిర పోయి సినిమా చూసిన. నవ్వి నవ్వి సచ్చిన. మీ బావకు గుడికి పోయిన అని చెప్పిన. ఎవరికి చెప్పకు."

రెండోసారి చదివేటప్పుడు ఆమె భుజాలు నవ్వుతో కదిలిపోయాయి. మిరియం వచ్చి మొహంలోకి చూసింది. మూడోసారి చదివేటప్పుడు అక్షరాలు కనబడలేదు. కొంగుతో కళ్లొత్తుకుని, ఉత్తరాన్ని జాకెట్లో దోపుకుంది. దీన్ని ఏ తీగకూ గుచ్చేది లేదు.

ఇంటికొచ్చేసరికి చెంచురామయ్య అరుగు మీద ఉన్నాడు. పోస్టుమ్యాన్ ఆయనకు ముందే చెప్పి పోయినట్టున్నాడు. మీ అక్క ఉత్తరం వచ్చిందట, చదువు, విందామన్నాడు.

భారతమ్మ చేపల బుట్ట దించి, కాళ్ల మీద నీళ్లు పోసుకుంది.

"అక్కడ అందరూ క్షేమమేనంట."

ఆయన ఇంకా ఏదో ఉందన్నట్టు చూశాడు. "ఇంతసేపు చదివినవు గద. అంతేనా?"

"అంతే," అంది భారతమ్మ లోపలికి పోతూ. "కవర్ల జాగా ఎంతుంటది?"