తరుగు తీసిన ప్రోగ్రామ్

తాడేపల్లిగూడెం దగ్గరి ఇంజనీరింగ్ కాలేజీలో ప్రోగ్రామింగ్ ల్యాబ్ ఇందుజది. ఉంగుటూరు నుంచి రోజూ బస్సులో వచ్చేది. చేరిన ఏడాది తిరక్కుండానే పిల్లల ప్రోగ్రాములు దిద్దడం ఆమెకి ప్రాణసంకటమైంది. దిద్దడం కష్టమై కాదు, దిద్దాక వచ్చే ఫోన్ల వల్ల. "మా బావమరిది కొడుకమ్మా, కాస్త చూడండి" అని ఒకరు, "మనూరి కుర్రాడేనండీ" అని ఇంకొకరు.

అందుకే ఎవరో నలుగురికీ పనికొస్తుందని ఇంటర్నెట్‌లో ఊరికే ఇచ్చిన టెస్టింగ్ టూల్ ఒకటి తెచ్చి ల్యాబ్ సర్వర్‌లోకి ఎక్కించింది. అది విడివిడి భాగాలుగా ఉంటుంది. ఒక భాగం ప్రోగ్రామ్‌ని నడిపి చూస్తుంది. ఒకటి లెక్కలిచ్చి, వచ్చిన జవాబుల్ని అసలు జవాబులతో సరిపోల్చుతుంది. ఒకటి కాపీలు పట్టుకుంటుంది. రివ్యూ అని మరో భాగం ఉంది, అది తగిలిస్తే మార్కులు మనిషి చేత్తో మార్చవచ్చు. కావలసినవి తగిలించుకోవచ్చు, అక్కర్లేనివి ఊడదీసుకోవచ్చు. ఇందుజ మొదటిరోజే రివ్యూని ఊడదీసింది. అంతటితో ఫోన్లు ఆగిపోయాయి.

పిల్లలు ఆ టూల్‌కి అత్తగారని పేరు పెట్టారు.

"ఏమందిరా అత్తగారు?"

"జవాబు పక్కన ఖాళీ ఒకటి ఎక్కువైందంట. సున్నా చుట్టింది."

"పోన్లే, పుట్టింటికి పొమ్మనలేదు!"

వాళ్ల వెక్కిరింతలు విని ఇందుజ లోలోపల మురిసిపోయేది. తిట్టినా సరే, దీనికి మొహమాటం లేదని అందరూ ఒప్పుకున్నారు కదా అనుకునేది.

ఆ ఏడు ఒక కంపెనీ పదిమందికి శిక్షణ ఇచ్చి ఉద్యోగాల్లోకి తీసుకుంటానంది. టూల్ ఇచ్చే మార్కుల్లో మొదటి పదిమందిని పంపాలని కాలేజీ తీర్మానించింది. ఇందుజ మూడు ప్రశ్నలిచ్చింది. రెండు గట్టివి. మూడోది అందరికీ వచ్చేలా తేలికది: చేపల బరువు, కిలో ధర ఇస్తే రైతు చేతికి ఎంత వస్తుందో చెప్పాలి.

తేజశ్రీకి రెండు గట్టి ప్రశ్నలకీ పూర్తి మార్కులు వచ్చాయి. తేలిక ప్రశ్నకి సున్నా. కొల్లేరు పక్కన చేపల చెరువు కౌలుకి చేసుకునే వాళ్లమ్మాయి ఆమె. వెనక బెంచీలో కూర్చుని, అడిగితే తప్ప నోరు విప్పదు. ఆ సున్నా ఎలా వచ్చిందో అర్థంకాక ఇందుజ ప్రోగ్రామ్ తెరిచి చూసింది. బరువునీ ధరనీ గుణించే ముందు ఒక లైను ఎక్కువ ఉంది. తేజశ్రీని పిలిపించింది.

"ఈ లైనేంటమ్మా?"

"తరుగండీ."

"ప్రశ్నలో తరుగెక్కడుంది?"

తేజశ్రీ తెల్లమొహం వేసింది. "అది కూడా చెప్పాలాండీ? కాటా వేశాక క్వింటాకి ఐదు కిలోలు తీసేసే కదండీ లెక్క కట్టేది. నీళ్లు కారతాయంటారు. రైతు చేతికి ఎంతొస్తదని అడిగారు కదండీ..."

"తియ్యనివాళ్లు ఉండరా?"

"నేనైతే చూళ్లేదండీ."

ఇందుజకి తన ఇల్లు గుర్తొచ్చింది. మిల్లులో ధాన్యానికి తేమ పేరుతో కోత పడినప్పుడల్లా వాళ్ల నాన్న ఇంటిదాకా తిట్టుకుంటూ వచ్చేవాడు. ఈ పిల్లకి తిట్టుకోవాలని కూడా తెలియదు. ఎక్కాలతో పాటే నేర్చుకున్న లెక్క అది. పైగా చేతికి ఎంత వస్తుందని రాసింది తనే. జవాబు పిల్లది సరైనది, తనది తప్పు.

హెచ్.ఓ.డి. భాస్కరరావు దగ్గరికి వెళ్లి సంగతి చెప్పింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ సావధానంగా విన్నాడు.

"పాపం, సరిచెయ్యండమ్మా. ఆ రివ్యూ ఏదో ఉందన్నారుగా, తగిలించండి. ఉన్న సౌకర్యం వాడుకోకపోతే ఎలా?"

ఆ మాటకి ఇందుజ పొంగిపోయింది. రివ్యూ తగిలిస్తే హెచ్.ఓ.డి. కంప్యూటర్‌లోనూ అది తెరుచుకుంటుందని ఆమెకి తెలుసు. మెయిల్ చూడటానికి కూడా అటెండర్‌ని కేకేసే మనిషి, ఆయన దీని జోలికేం వస్తాడులే అనుకుంది. తగిలించి, తేజశ్రీకి రావలసిన మార్కులు కలిపింది. ఆ పిల్ల పేరు ఎనిమిదో చోటికి ఎగబాకింది.

ఆ సాయంత్రం బస్సులోంచే ఫోన్ చేసింది. తేజశ్రీ తల్లి మంగాయమ్మ ఎత్తింది. చెరువు గట్టు మీద ఉన్నట్టుంది, గాలి హోరు.

"ఉద్యోగమాండీ మా అమ్మాయికి?"

"ముందు శిక్షణండీ. ఆ తర్వాత..."

"అదేలెండి, అదే! ఏవండీ, విన్నారా, మన తేజకి ఉద్యోగమంట!" ఫోన్ చేతిలో ఉండగానే ఆవిడ గట్టు మీద కేకలు మొదలుపెట్టింది. ఇందుజ నవ్వుకుంటూ పెట్టేసింది.

మర్నాడు నోటీసు బోర్డు మీద పదిమంది పేర్లున్నాయి. తేజశ్రీ పేరు లేదు. నాలుగో పేరు పృథ్వీది. కాలేజీ కార్యదర్శి మేనల్లుడు, ప్రోగ్రామ్ సరిగ్గా నడిచిన రోజు లేదు. అలాంటివే ఇంకో మూడు పేర్లు. భాస్కరరావుగారికి రివ్యూ ఎలా వాడాలో పక్కన కూర్చుని చూపించింది పృథ్వీయేనని అటెండర్ చెప్పాడు.

ఇందుజ ఆయన గదిలోకి దాదాపు పరిగెత్తింది.

"వాళ్ల ప్రోగ్రాములు నడవనే లేదండీ!"

"శిక్షణలో నడిపిస్తారుగా. దానికే కదమ్మా శిక్షణ."

"తేజశ్రీ సంగతేంటండీ?"

"చూడండి, మీరు ఒకళ్లకి కలిపారు, నేను నలుగురికి కలిపాను. తగిలించింది మీ చేత్తోనే. ఇప్పుడు తప్పంటే మీ కలుపుడూ తప్పే అవుతుంది." ఆయన గొంతు పెంచలేదు. "జాబితా కంపెనీకి వెళ్లిపోయింది. మిషన్ ఇచ్చిన మార్కులని మీరేగా అందరికీ చెప్పింది. ఎవరూ అడగరులెండి."

నిజంగానే ఎవరూ అడగలేదు. అత్తగారి తీర్పు కదా అని పిల్లలు బోర్డు చూసుకుని క్లాసులకి వెళ్లిపోయారు.

తేజశ్రీ మెట్ల దగ్గర ఉంది, సంచీ భుజానికి తగిలించుకుని.

"నాది మళ్లీ తప్పయిందాండీ?"

"లేదమ్మా. నీది సరైనదే."

ఆ పిల్ల తల దించుకుంది.

"మీరు నిన్న ఫోన్ చెయ్యకపోయినా బాగుండేదండీ. అమ్మ చుట్టుపక్కల చెరువుల వాళ్లందరికీ చెప్పేసింది."

"నేను మీ ఊరొస్తాను తేజా. మీ అమ్మగారికి నేనే చెప్తాను."

"వద్దండీ," అంది తేజశ్రీ కంగారుగా. "మీరొస్తే ఉద్యోగం నిజంగానే వచ్చిందనుకుంటుంది. చేపల కూర వండి కూర్చోబెడుతుంది మిమ్మల్ని."