ఎడమ చేతి ఆట

ఏడో రంధ్రం పడ్డాక ఆమె డ్రిల్లు ఆపి, ప్లాస్టిక్ మూత మీది పొట్టును ఊదింది. ముప్పయ్యేళ్ళుగా ఆమె పని టీవీ రిమోట్లు బాగుచేయడం. వీధిలో అందరికీ రిమోట్లక్క. ఆ రోజు మాత్రం బల్ల మీద రిమోట్లు లేవు. చిన్నప్పుడు తమ్ముడూ తానూ టీవీకి తగిలించి ఆడుకున్న వీడియో గేమ్ పెట్టె లోపలి బోర్డు ఉంది. దాని అంచులు కోసి అరచేయంత చేసింది. పక్కనే కార్లలో వెనక దారి చూపించే చిన్న తెర, రెండు ఫోన్ బ్యాటరీలు. ఇవన్నీ ఒకే డబ్బాలో ఇమడాలి, ఒంటి చేత్తో ఆడుకునేలా ఉండాలి. నెల రోజులుగా కాగితాల మీద అదే గీస్తోంది.

తమ్ముడు లారీ నడిపినవాడు. పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. అప్పటినుంచి ఎవరితోనూ మాట్లాడడు, గోడకేసి తిరిగి పడుకుంటాడు. నాలుగింటికి కూతురు వచ్చి అతన్ని తన ఊరికి తీసుకుపోతుంది. ఆలోపు ఇది అతని ఎడమ చేతికి అందాలి.

ఆమె మూతను తిరగేసి చూసింది. బటన్ల రంధ్రాలన్నీ కుడివైపు ఉన్నాయి.

రిమోట్లను ఆమె ఎప్పుడూ బోర్లించి, వీపు విప్పి బాగుచేస్తుంది. ఆమెకు ఎడమైనది లోకానికి కుడి. అలవాటుగా కొలతలన్నీ మూత లోపలివైపే గీసుకుంది. పన్నెండు దాటింది. ఇంకో డబ్బా కోయాలంటే ఒక పూట పడుతుంది.

పక్క కొట్టు దర్జీ గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏంటక్కా, మొహం అలా పెట్టావ్?"

"తిరగేసి కోశాన్రా. అంతా కుడిపక్కకి వచ్చింది."

"ఓస్, ఇంతేనా! నేనొకాయన చొక్కాకి రెండూ ఎడమ చేతులే కుట్టాను. పెళ్ళికొడుకు."

"తర్వాతేం చేశావ్?"

"వారం రోజులు కొట్టు తెరవలేదు."

ఆమె నవ్వలేదు. డబ్బాను బల్ల మీద మెల్లగా తిప్పింది. సగం తిరిగేసరికి రంధ్రాలు ఎడమకు వచ్చాయి, తెర తలకిందులైంది. తెరకున్నవి నాలుగు స్క్రూలే. విప్పి, తిప్పి బిగించింది. పైకి నడిపే తీగను కిందికి, కుడి తీగను ఎడమకు మార్చి మళ్ళీ టంకం పెట్టింది. పాత రిమోట్ల రబ్బరు బటన్లు అమర్చింది. దూకడానికి మ్యూట్ బటన్ ఒక్కటే సరిపోయింది. అన్నం గిన్నె మూత తీయనే లేదు.

నాలుగు కాకముందే కొట్టు ముందు కారు ఆగింది. తమ్ముడు ఎడమ చేత్తో కర్ర ఆనుకుంటూ దిగాడు. మేనకోడలు మెట్టెక్కించింది. అతను స్టూలు మీద కూర్చుని కర్రను బల్లకు ఆనించాడు. ఆమె డబ్బాను అతని చేతిలో పెట్టింది.

తెర వెలిగింది. బొమ్మ మనిషి నాలుగడుగులు నడిచి గుంటలో పడ్డాడు.

"దూకడానికేది?" అన్నాడు తమ్ముడు. మాట ముద్దగా వచ్చింది.

"ఆ మ్యూట్ బటన్."

"నీకు ఇదే దొరికిందా?"

"చిన్నప్పుడే నీ నోటికి పెట్టాల్సింది."

అతని పెదవి ఒక పక్కన లేచింది. బొమ్మ మనిషి గుంట దాటాడు.

"నాన్నా, చీకటి పడేలోగా ఊరు చేరాలి," అంది కూతురు.

"ఉండవే!"

"మరి నా వంతెప్పుడురా?" అని అడిగింది అక్క.

"నేను చచ్చాక," అన్నాడు, తెర మీంచి చూపు తీయకుండా.

చిన్నప్పుడూ అదే మాట అనేవాడు. అమ్మ అన్నానికి పిలిచేదాకా చచ్చేవాడు కాదు.

కూతురు అతని నడుం చుట్టూ చెయ్యేసి లేపింది. అతను ఆడుతూనే మెట్టు దిగాడు, ఆడుతూనే కారెక్కాడు. వెనక్కి చూడలేదు. చూస్తే గుంటలో పడేవాడు.

కారు మలుపు తిరిగాక ఆమె లోపలికి వచ్చింది. కర్ర బల్లకు ఆనుకుని అలాగే ఉంది. దాని పిడి మీద అరచేతి తడి ఇంకా ఆరలేదు.